మూసిన బస్తాకు ధర

2019 చలికాలం. బెంగళూరులో ఉద్యోగం, ముగ్గురం కలిసి ఉండే గది. రాత్రి ఒంటిగంట దాటింది. ఫోన్‌లో ఆడుతున్న పోకర్ టోర్నమెంట్‌లో మూడు టేబుళ్లే మిగిలాయి. నాకు రెండు ఎనిమిదులు వచ్చాయి. ఈ ఆటలో చేతికి రెండే ముక్కలు. మధ్యలో బోర్డు మీద అందరికీ కలిపి అయిదు తెరుస్తారు: ముందు మూడు (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), చివర ఒకటి (రివర్). బ్లైండ్స్, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే పందేలు, 1,000-2,000. నేను 4,500కి రైజ్ చేశాను, అంటే పెంచాను. బిగ్ బ్లైండ్‌లో (ఆ రెండిట్లో పెద్దది వేసే చోట) ఉన్నతను కాల్ చేశాడు, అంటే అంతకు సమానంగా వేశాడు. అందరూ ముందే వేసే యాంటీలతో కలిపి పాట్, అంటే మధ్యలో చేరిన మొత్తం, 12,000 అయింది. ఇద్దరి దగ్గరా ఇంకా చెరో 60,000 చిప్స్ ఉన్నాయి.

ఫ్లాప్: ఇస్పేట్ రాజు, డైమండ్ ఎనిమిది, ఇస్పేట్ మూడు.

మూడు ఎనిమిదులు. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే పక్క మంచం మీద పడుకున్నవాడికి వినిపిస్తుందేమో అనిపించింది. అవతలి వ్యక్తి చెక్ చేశాడు, అంటే ఏమీ వేయకుండా వంతు వదిలాడు. నేనూ చెక్ నొక్కాను. ఇప్పుడు పెడితే బెదిరిపోతాడు, ఇంకాస్త లోపలికి రానీ అనుకున్నాను. టర్న్ ఆటీన్ అయిదు. అతను 4,000 పెట్టాడు, నేను కాల్ మాత్రమే చేశాను. రివర్ ఇస్పేట్ జాకీ. అతను చెక్ అన్నాడు. అప్పుడు నేను 10,000 పెట్టాను. చాలాసేపు ఆలోచించి కాల్ చేశాడు. అతని దగ్గర రాజు, రాణి, అంటే రాజుల జతే. 40,000 పాట్ నాది.

సంతోషంగా పడుకోవలసిందే. కానీ మా గదిలోనే ఉండే కరీంనగర్ అన్న మర్నాడు టీ తాగుతూ ఆ హ్యాండ్ చూపించమన్నాడు. రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. "రాజు పట్టుకున్నోడు ఎంత దాకా కొంటడో నువ్వు అడగనే లేదు కదరా" అన్నాడు. కొనడమంటే నా పందేన్ని కాల్ చేయడం. ఆ ఒక్క మాట మీద నేను ఇన్నేళ్లు ఆలోచిస్తూనే ఉన్నాను. ఈ వ్యాసం ఆ మాట గురించే.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. నేనిప్పుడు డబ్బులు పెట్టి ఆడటం లేదు. 2017లోనే మన తెలంగాణ ప్రభుత్వం గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బులు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే రమ్మీ, పోకర్ లాంటివాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టమే చేసింది. హన్మకొండకు తిరిగొచ్చాక నేను ఆడేదంతా ఊరికే ఇచ్చే చిప్స్‌తోనే. ఆదివారం రాత్రి ఏడెనిమిది మంది స్నేహితులం ఒక ప్రైవేట్ టేబుల్ పెట్టుకుని, టోర్నమెంట్ లాగానే బ్లైండ్స్ పెంచుకుంటూ ఆడతాం. గెలిస్తే పేరు, ఓడితే వారం రోజులు మాటలు పడాలి. ఆన్‌లైన్ పేకాటలో అప్పులపాలైన కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి. అందుకే డబ్బులు పెట్టి ఆడమని ఎవరికీ చెప్పను. కానీ ఆట మీద ప్రేమ మాత్రం పోలేదు. చదరంగం మీద ప్రేమ ఉన్నవాళ్లు ఎలా మాట్లాడతారో నేనూ దీని గురించి అలాగే మాట్లాడగలను.

పెద్ద ముక్కలు పడగానే మనవాళ్లు ఎందుకు దాక్కుంటారు? ఇది నా ఒక్కడి జబ్బు కాదు. మా ఆదివారం టేబుల్‌లో అందరికీ ఉంది. చాలా ఆలోచించాక నాకు తట్టిన కారణం ఇది: మేమంతా మూడు ముక్కలాటలో పెరిగాం.

పెళ్లి విడిది ఇంట్లోనో, శివరాత్రి జాగారంలోనో చాప మీద కూర్చుని మా చిన్నాయన ఆడుతుంటే వెనక కూర్చుని చూసేవాణ్ణి. మంచి ముక్కలు పడితే ఆయన మొహం ఇంకా ముసురు పట్టినట్టు అయ్యేది. "ముక్కలు మంచిగుంటే మెల్లగ నడిపియ్యాలె బిడ్డా. మందిని పోనియ్యద్దు" అని నా చెవిలో చెప్పేవాడు. ఆ ఆటకు ఆ మాట అక్షరాలా నిజం. ఎందుకంటే మూడు ముక్కలాటలో చెక్ అనేదే లేదు. వంతు వచ్చిన ప్రతిసారీ డబ్బు వేయాలి, లేదంటే ముక్కలు పడేసి లేవాలి. మనం ఏమీ పెంచకపోయినా పాట్ దానంతటదే నిండుతుంది. ఇంకో ముఖ్యమైన విషయం, కొత్త ముక్క రాదు. మొదట పడిన మూడే చివరి దాకా. మూడు ఆసులు పట్టుకున్నవాడిని ఆలస్యం ఏమీ చేయలేదు. దాక్కుంటే పోయేది ఏమీ లేదు.

నేను ఆడే హోల్డెమ్ పోకర్‌లో ఈ రెండూ తలకిందులు. చెక్ ఉంది, అంటే పైసా వేయకుండా ముందుకు పోవచ్చు. కొత్త ముక్కలూ వస్తాయి, అంటే ఫ్లాప్ మీద ఓడిపోయేవాడు రివర్ మీద గెలవవచ్చు. ఇస్పేట్లు రెండు చేతిలో, రెండు బోర్డు మీద ఉన్నవాడికి టర్న్‌లో అయిదో ఇస్పేట్ పడి, మూడు ఎనిమిదుల కంటే పెద్దదైన ఫ్లష్ అయ్యే అవకాశం 47లో 9, దాదాపు 19 శాతం. రివర్ దాకా చూస్తే 35 శాతం. ఆ ముక్కను నేను చెక్ చేసి వాడికి ఉచితంగా ఇచ్చినట్టే. ఇక ఫ్లష్ కోసం చూసేవాడు కాకుండా రాజు పట్టుకున్నవాడే అవతల ఉన్నాడనుకుందాం. మూడో ఇస్పేట్ బోర్డు మీద పడగానే వాడు గెలవడు సరికదా, భయపడతాడు. ఫ్లాప్ మీద ధైర్యంగా కొనేవాడు రివర్‌కు వచ్చేసరికి చెయ్యి ముడుచుకుంటాడు. అంటే ఆలస్యం చేస్తే కొందరు మనల్ని దాటిపోతారు, మిగతావాళ్లు కొనడం మానేస్తారు. చిన్నాయన నేర్పిన పాఠాన్ని అలాగే ఎత్తుకొచ్చి ఈ ఆటలో పెట్టడమే మా తప్పు.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ రాత్రి ఫ్లాప్ తర్వాత అతని దగ్గర నుంచి నాకు వచ్చింది 4,000, 10,000, మొత్తం 14,000. అదే హ్యాండ్‌లో ప్రతి వీధిలో (ఫ్లాప్, టర్న్, రివర్ ఒక్కొక్కటీ ఒక వీధి) పాట్‌లో సగం చొప్పున పెట్టి ఉంటే? ఫ్లాప్ మీద 6,000, పాట్ 24,000 అవుతుంది. టర్న్ మీద 12,000, పాట్ 48,000. రివర్ మీద 24,000. మొత్తం 42,000. మూడు రెట్లు. ఒక్క చెక్ వల్ల పోయేది ఆ ఒక్క వీధి పందెం కాదు. పాట్ పెరిగితేనే తర్వాతి పందెం పెరుగుతుంది. సగం పాట్ పందెం కాల్ అయిన ప్రతిసారీ పాట్ రెట్టింపవుతుంది. మూడుసార్లు రెట్టింపు కావలసినది రెండుసార్లే అయితే చివరి పందెం కూడా సగానికి పడిపోతుంది. ఇంకొంచెం ధైర్యం చేసి ఫ్లాప్ మీద 8,000, టర్న్ మీద 18,000 పెట్టి ఉంటే రివర్‌కు పాట్ 64,000, అతని దగ్గర మిగిలేది 34,000. అప్పుడు ఆల్-ఇన్ అని ఉన్నదంతా పెట్టినా అది పాట్‌లో సగం కంటే కొంచెమే ఎక్కువ. మూడో ఇస్పేట్ చూసి అతను ఫోల్డ్ చేసేవాడేమో, అంటే ముక్కలు పడేసేవాడేమో. చేసినా నాకు అప్పటికే 26,000 వచ్చి ఉండేవి.

పెద్ద హ్యాండ్ పడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న "వీడి దగ్గర ఇంకా ఎంత ఉంది, రివర్‌కు అదంతా లోపలికి రావాలంటే ఇప్పుడు ఎంతతో మొదలుపెట్టాలి?" అన్నదే. నేనిప్పుడు ఫ్లాప్ పడ్డ అయిదు సెకన్లలో ఈ లెక్క వేసుకుంటాను. ఆన్‌లైన్‌లో పాట్ ఎంతో, ఒక్కొక్కరి స్టాక్ (మిగిలిన చిప్స్) ఎంతో తెర మీదే కనిపిస్తుంది, సగం పాట్, పూర్తి పాట్ బటన్లు కూడా ఉంటాయి. కష్టమేమీ కాదు.

"పెడితే వెళ్లిపోతాడు కదన్నా" అంటారు మావాళ్లు. ప్రతి ఆదివారం వినే మాట ఇది. దీనికి జవాబు నాకు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో దొరికింది.

మాది పరకాల దగ్గర పల్లె. బాపు ఏటా మిర్చి తెచ్చేది ఎనుమాములకే. తెల్లారకముందే యార్డులో బస్తాలు దించి, మూతి విప్పి, కాయలు కనపడేలా పెట్టేవాళ్లం. ఖరీదుదారు వచ్చి చెయ్యి లోపలికి పోనిచ్చి అడుగు నుంచి గుప్పెడు తీస్తాడు. కాయను విరిచి ఎండు చూస్తాడు, తాలు ఎంత ఉందో చూస్తాడు. జెండా పాటలో ఆ రోజు పై ధర ఎంతో తేలుతుంది, మిగతా సరుకంతా దాని కిందే. బాపు సరుకు బాగున్న ఏడు ఆయన గొంతు వేరుగా ఉండేది. అడ్తిదారు ఎంత గుంజినా "ఇంతకు తక్కువ ఇయ్య" అని నిలబడేవాడు. తాలు ఎక్కువున్న ఏడు తలవంచుకుని ఎంతిస్తే అంత తీసుకునేవాడు. సరుకు కనపడుతుంది కాబట్టి ధర సరుకును బట్టే ఉండేది.

పోకర్‌లో బస్తా మూతి విప్పరు. లోపల తేజ మిర్చి ఉందో, తాలు ఉందో కొనేవాడికి కనపడదు. అలాంటప్పుడు బాగున్నా బాగాలేకపోయినా నేను ఒకే ధర అడిగితే? వాడికి తేడా తెలియదు. వాడు ప్రతిసారీ వద్దని ఫోల్డ్ చేసి వెళ్లిపోతే పాట్ నాదే, అంటే నా తాలు బస్తాలన్నీ మంచి ధరకు పోయినట్టే. కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు వాడు కొనాలి. "పెడితే తెలిసిపోతుంది" అన్నది ఎప్పుడు నిజమంటే, నేను పెద్ద ముక్కలు ఉన్నప్పుడు మాత్రమే పెట్టేవాణ్ణి అయితేనే. ఏమీ లేనప్పుడు చెక్ చేస్తూ, మూడు ఎనిమిదులు పడ్డప్పుడు హఠాత్తుగా పెడితే ఎవరైనా లేచిపోతారు. అది పందెం పెట్టడంలో తప్పు కాదు, మిగతా హ్యాండ్లలో పెట్టకపోవడంలో తప్పు. ఫ్లాప్ ముందు రైజ్ చేసిన నేను, రాజు పడ్డ ఫ్లాప్ మీద ఆసు-పది ఉన్నా పెడతాను, రెండు రాణులున్నా పెడతాను, మూడు ఎనిమిదులున్నా పెడతాను. అప్పుడు రాజు పట్టుకున్నవాడు ఏ ధైర్యంతో ఫోల్డ్ చేస్తాడు? వాడు ఆ టేబుల్ దగ్గర కూర్చున్నదే ఆడటానికి. ఫోల్డ్ చేయడానికి ఎవరూ రాత్రి ఒంటిగంట దాకా మేలుకోరు.

ఎంత అడగాలన్నది అవతలి చేతిలో ఏముండొచ్చన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ ముక్కల లెక్క చాలామంది పట్టించుకోరు, నాకు ఆటలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. నా దగ్గర రెండు ఎనిమిదులుండి రాజు, ఎనిమిది, మూడు పడితే, ఇంకా మూడు రాజులు బయట ఉన్నాయి. రాజు-రాణి చేతులు మూడు నాలుగుల పన్నెండు రకాలుగా ఉండొచ్చు. అదే నా దగ్గర రెండు రాజులే ఉండి ఉంటే బయట మిగిలింది ఒకే రాజు, రాజు-రాణి నాలుగే రకాలు. కాగితం మీద మూడు రాజులు పెద్ద హ్యాండే, కానీ దానికి కొనేవాళ్లు తక్కువ. చిన్న జతతో సెట్ (చేతిలోని జతకు తోడు మూడోది) పడినప్పుడు పై ముక్క అవతలివాడి దగ్గర ఉండే అవకాశం ఎక్కువ, అప్పుడు పెద్ద ధర అడగాలి. చేతిలో జత ఉన్నప్పుడు ఫ్లాప్ మీద సెట్ పడేది ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. జత రావడమే పదిహేడుసార్లకు ఒకసారి. ఇంత అరుదుగా వచ్చేదాన్ని 14,000కు అమ్ముకున్నాను నేను.

టోర్నమెంట్ కాబట్టి ఏ దశలో ఉన్నామన్నదీ చూడాలి. మొదటి గంటలో అందరి దగ్గరా వంద బిగ్ బ్లైండ్లకు పైగా ఉంటాయి. రీ-ఎంట్రీ ఉంటే మరీ ధైర్యం, పోతే మళ్లీ రావచ్చు కదా అని పై జతతో (బోర్డు మీది పెద్ద ముక్కతో కలిసిన జతతో) మూడు వీధులూ కాల్ చేస్తారు. అక్కడ సగం పాట్ తక్కువ, ముప్పావు పాట్ అడిగినా ఇస్తారు. బహుమతుల్లోకి వచ్చే ముందు, బబుల్ దగ్గర సంగతి వేరు. మధ్యస్థంగా చిప్స్ ఉన్నవాడు ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని ఉంటాడు, వాడి దగ్గర పెద్ద ధర పలకదు. మూడో వంతు పెట్టినా ఆలోచిస్తాడు. టోర్నమెంట్‌లో పోయిన చిప్ విలువ గెలిచిన చిప్ విలువ కంటే ఎక్కువ, ఆ లెక్క వాళ్లకు పేరు తెలియకపోయినా ఒంట్లో తెలుసు. బబుల్ పగలగానే చిన్న స్టాక్ వాళ్లు ఏ ఆసు దొరికినా ఆల్-ఇన్ అంటారు, రెండు ఆసులతో కాచుకుని కూర్చున్నవాడికి అదే పండగ. ఎవరినైనా పడగొడితే బహుమతి (బౌంటీ) వచ్చే టోర్నమెంట్లలో మరో చిన్న సంగతి: అవతలివాడి దగ్గర కనీసం మనకున్నన్ని చిప్స్ ఉంటేనే మనల్ని పడగొట్టి బౌంటీ తీసుకోగలడు. అలాంటివాడు బౌంటీ ఆశతో మామూలు కంటే బలహీనమైన చేతులతో కాల్ చేస్తాడు. వాడిని తక్కువ అడగడం తప్పు.

పదిహేను బిగ్ బ్లైండ్ల లోపు ఉన్నప్పుడు రెండు ఆసులు వస్తే కేవలం కాల్ చేసి లోపలికి వచ్చేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. రెండు ఆసులు 221 సార్లకు ఒకసారి వస్తాయి. ఒక్కరి మీద 85 శాతం గెలుస్తాయి. అదే అయిదుగురిని లోపలికి రానిస్తే సగం కంటే కాస్త తక్కువ. ఆసులు పట్టుకుని పందెం పెంచకపోవడం అంటే నలుగురిని పిలిచి అన్నం పెట్టడమే.

ఇక పేరున్న పోకర్ ఆటగాడు జానీ చాన్ సంగతి. దాక్కుని ఆడటమే గొప్ప అనడానికి మా టేబుల్‌లో ఎవరో ఒకరు దీన్ని తప్పకుండా తెస్తారు. 1988 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ చివరి హ్యాండ్. జానీ చాన్ దగ్గర జాకీ-తొమ్మిది, ఎరిక్ సైడెల్ దగ్గర రాణి-ఏడు. ఫ్లాప్ మీద రాణి, పది, ఎనిమిది. చాన్‌కు అక్కడే స్ట్రెయిట్ (వరసగా అయిదు ముక్కలు) పడింది. చప్పుడు చేయకుండా నడిపించాడు, చివరికి సైడెల్ తనే ఆల్-ఇన్ అన్నాడు. చాన్ వరసగా రెండో ఏడు గెలిచాడు. నిజమే, గొప్పగా ఆడాడు. కానీ అక్కడ ఇద్దరే మిగిలారు. ఎదుట కూర్చున్న మనిషిని చాన్ గంటల తరబడి చూశాడు, చెక్ చేస్తే తనే ముందుకొచ్చి పెడతాడన్న అంచనా అతనికి ఉంది. పేరు కూడా సరిగ్గా తెలియని, మొహం కనపడని, పది నిమిషాల క్రితం మన టేబుల్‌కు మారిన మనిషి మీద ఆ ఎత్తు ఎందుకు? అవతలివాడు చెక్ చేస్తే ఊరుకోడు, తప్పకుండా పెడతాడు అని తెలిసినప్పుడు నేనూ చెక్ చేస్తాను. బోర్డు మీద వాడికి ఏమీ లేకుండా నేనే అన్నీ పట్టుకుని ఉంటే, రెండు రాజులు పట్టుకుంటే ఇంకో రెండు రాజులు ఫ్లాప్ మీద పడితే, అప్పుడూ చెక్ చేస్తాను. అవి రెండూ మినహాయింపులు. మావాళ్లు మినహాయింపునే పద్ధతి చేసుకున్నారు.

చాన్ హ్యాండ్ చెప్పేవాళ్లు అదే పోటీలో 2003లో జరిగింది చెప్పరు. ఇంటర్నెట్‌లో చిన్న క్వాలిఫయర్ గెలిచి వచ్చిన క్రిస్ మనీమేకర్, 839 మంది ఆడిన మెయిన్ ఈవెంట్‌లో 25 లక్షల డాలర్లు గెలిచాడు. అందరూ గుర్తుపెట్టుకున్నది చివరి ప్రత్యర్థి శామ్ ఫర్హా మీద అతను వేసిన బ్లఫ్, అంటే చేతిలో ఏమీ లేకుండా పెట్టిన పందెం. కానీ టైటిల్ తెచ్చిన చివరి హ్యాండ్ వేరు. మనీమేకర్ దగ్గర అయిదు-నాలుగు, ఫర్హా దగ్గర జాకీ-పది. ఫ్లాప్ జాకీ, అయిదు, నాలుగు. మనీమేకర్ చెక్ చేశాడు, ఫర్హా పెట్టాడు, వెంటనే మనీమేకర్ రైజ్ చేశాడు. టర్న్ దాకా ఆగలేదు. జాకీల జత పట్టుకున్న ఫర్హా ఆల్-ఇన్ అన్నాడు. మొత్తం చిప్స్ అక్కడే, ఫ్లాప్ మీదే లోపలికి వచ్చేశాయి. అంతకుముందు బ్లఫ్ చేసిన మనిషి కాబట్టే అతని రైజ్‌ను ఫర్హా నమ్మలేదని నాకు అనిపిస్తుంది. తాలు బస్తాకు కూడా అదే ధర అడిగినవాడికి మంచి బస్తా రోజున గిరాకీ వచ్చింది.

ఆన్‌లైన్‌లో ఆడిన ప్రతి హ్యాండ్ రికార్డ్ అయి ఉంటుంది. చాప మీద ఆడిన ఆటకు ఆ సౌకర్యం లేదు. ఆ కరీంనగర్ అన్న చెప్పాక నేను నావి సెట్లు, స్ట్రెయిట్లు పడ్డ హ్యాండ్లన్నీ వెతికి, ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను: ఎంత వచ్చింది, ఎంత వచ్చేది. గెలిచిన హ్యాండ్లను ఎవరూ తిరిగి చూడరు, ఓడినవే తలుచుకుని బాధపడతారు. నా నోట్‌బుక్‌లో పేజీ తర్వాత పేజీ ఫ్లాప్ దగ్గర "చెక్" అని ఉంది. చూసినకొద్దీ కడుపు రగిలిపోయింది.

మొన్న ఒక ఆదివారం మా టేబుల్‌లో కొత్తగా చేరిన జమ్మికుంట తమ్ముడికి రెండు ఆరుల మీద మూడో ఆరు పడింది. పాట్ 1,200. నేను ఎప్పుడూ చెప్పేది గుర్తుపెట్టుకుని 800 పెట్టాడు. అవతల ఉన్న మా కాజీపేట దోస్తు వెంటనే ఫోల్డ్. తమ్ముడు ఆట అయ్యాక ఫోన్ చేశాడు. "అన్నా, బెదిరిపోయిండు. నువ్వు చెప్పినట్టే చేసిన, ఏం రాలె" అన్నాడు, గొంతులో నీళ్లున్నట్టుంది. అవతలివాడి దగ్గర ఏముండి ఉంటుందో ఇద్దరం ఒక్కొక్కటే లెక్కపెట్టాం. జత ఉంటే అంత తొందరగా వదలడు. ఏమీ లేనివాడు చెక్ చేసినా పెద్దగా కొనేది ఉండదు. టర్న్ మీద ఏదో జత తగిలితే కాస్త ఇచ్చేవాడేమో. ఆ కాస్త కోసం, నిజంగా కొనేవాళ్లందరినీ వదులుకుంటామా అని అడిగాను. సరేనన్నాడు గానీ పూర్తిగా నమ్మినట్టు అనిపించలేదు.

తర్వాతి రెండు ఆదివారాలు ఆ తమ్ముడు కాజీపేట దోస్తు మీద రైజ్ చేసిన ప్రతి ఫ్లాప్‌కూ పాట్‌లో మూడింట రెండొంతులు పెడుతూనే ఉన్నాడు. ఒకసారి ఆసు-రాణి, ఏమీ తగల్లేదు, పెట్టాడు. ఒకసారి పదుల జత, పెట్టాడు. మూడో ఆదివారం పదకొండు గంటలప్పుడు ఫ్లాప్ మీద రాణి, ఆరు, రెండు పడ్డాయి. తమ్ముడు మళ్లీ అంతే పెట్టాడు. గ్రూప్ కాల్‌లో మా కాజీపేట దోస్తు గొంతు లేచింది. "ప్రతిసారి పెడ్తనే ఉన్నవ్ కదరా, ఈసారి నేను పోను" అని కాల్ కొట్టాడు. టర్న్ మీదా కాల్ కొట్టాడు. రివర్ మీద ఉన్నదంతా పెట్టి రాణి-జాకీ తిప్పాడు. తమ్ముడి దగ్గర రెండు ఆరులున్నాయి.